ఎస్తేరు దగ్గిన చోటు

ముందు దగ్గు వినిపిస్తుంది.

ఒక్కరి దగ్గు కాదు. పాతిక ముప్పై మంది, ఎవరో చెయ్యి ఊపి చెప్పినట్టు, ఒకే క్షణాన ఖళ్లుమంటారు. వెంటనే నవ్వులు. ఆ నవ్వుల మీదుగా మాటల్లేని ఒక ఆడగొంతు, ఆరేసిన బట్ట కిందికి గాలి దూరినట్టు, ఉబ్బి పైకి లేస్తుంది. దాని కింద గిటారు. గిటారు చెక్క మీద బొటనవేలితో కొట్టే చిన్న చప్పుడు.

తిరుచానూరులో ఒక లాడ్జి. పై అంతస్తు హాల్లోంచి ఆ చప్పుళ్లు మెట్లు దిగి వచ్చేసరికి కింద దుప్పట్ల గదిలో ఎస్తేరు చేతులు ఆగిపోతాయి. గుండు చేయించుకుని కొండ దిగి వచ్చినవాళ్లు పడుకున్న గదుల్లోంచి వచ్చిన దిండు గలీబులు ఆమె ముందు గుట్టగా ఉంటాయి. ప్రతి గలీబు మీదా చందనం, తల ఆకారంలో, పచ్చగా. ఆ మరకలు వదిలించడం ఆమె ఉద్యోగం. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ ఎవరితోనో పోటీ పడుతున్నట్టు మెడ కాస్త ముందుకు చాచి నడుస్తుంది.

పైన అంతమంది కలిసి దగ్గే ఆ దగ్గు ఎస్తేరుది. ముప్పై ఏళ్ల కిందట ఆమె దగ్గింది. ఆ సంగతి వాళ్లకు తెలియదు.

ఆ గొంతు మాత్రం ఆమెది కాదు. ఆమె కడుపుమంటంతా అక్కడే ఉంది.

అప్పట్లో చిత్తూరులో గుణశేఖర్ అనే ఆయనకు క్యాసెట్ల అంగడి ఉండేది. ఖాళీ క్యాసెట్టు ఇచ్చి కావలసిన పాటలు చెప్పి పోతే సాయంత్రానికి నింపి ఇచ్చేవాడు. రాయవేలూరు నుంచి ఎవరో తెచ్చిన పాత ఇంగ్లీషు రికార్డు ఒకటి ఆయన చేతిలో పడింది. నలుగురు జులపాల కుర్రాళ్లు ఎప్పుడో పాడిన రాక్ పాటలు. అట్ట మీద వానలో వెల్లకిలా పడిన నల్ల గొడుగు. జిరాక్సు తీస్తే అక్షరాలు అలుక్కుపోయి గొడుగొక్కటే మిగిలింది. చిత్తూరు, తిరుపతి కాలేజీ పిల్లలకు అది గొడుగు ఆల్బం అయింది. మాటలు సగం అర్థం కాకపోయినా ఏ పాట తర్వాత ఏ పాటో, ఏ పాటలో డ్రమ్ము ఎక్కడ తడబడి సర్దుకుంటుందో వాళ్లకు కంఠతా వచ్చింది. పరీక్ష తప్పినవాళ్లు దాన్ని విన్నారు. ప్రేమ తప్పినవాళ్లు విన్నారు. అరిగిపోతే మళ్లీ గుణశేఖర్ దగ్గరికే వచ్చి నింపించుకున్నారు.

రెండో వైపు పాటలన్నీ అయిపోయాక టేపు కాస్త మిగిలేది. పక్కింటివాళ్ల గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా, ఒక బెల్లం ముక్కైనా వేసి ఇస్తాం. గుణశేఖర్‌కు టేపు విషయంలోనూ అదే పట్టింపు. ఖాళీ టేపు చేతిలో పెడితే అంగడికి మంచిది కాదని, మిగిలిన చోట చేతికి దొరికింది ఏదో ఒకటి పోసేవాడు. గొడుగు ఆల్బానికి మొదటి ప్రతి తయారు చేసిన రోజు ఆయన చేతికి దొరికింది, చర్చి పిల్లలు మైకు సరిచూసుకోవడానికి తీసిన రాగం. తర్వాత ఎన్ని ప్రతులు తీసినా ఆ మొదటిదాన్నుంచే తీశాడు. ఏ ప్రతిలో ఏం పోశాడో ఆయనకే గుర్తు లేకుండా కాలం చేశాడు.

ఆ పిల్లలు ముగ్గురు. ఎస్తేరు, ఆమె తమ్ముడు పాల్, వెనక బెంచీ అమ్మాయి అమల.

గుణశేఖర్ అంగట్లోనే క్రిస్మస్ పాటల క్యాసెట్టు చేద్దామని చర్చి పెద్దలు అనుకున్నారు. పాల్ ఒక రాగం కట్టాడు. దానికి మాటలు ఇంకా రాలేదు. పాడవలసింది ఎస్తేరు. అందులో ఎవరికీ అనుమానం లేదు, గుడిపాల దాకా అంత గొంతు లేదని పాస్టరుగారే అన్నారు. కానీ ఆ వారం కార్తీక మాసపు ముసురులో తడిసి ఆమె గొంతు బెల్లం పాకంలా బిగిసిపోయింది.

"అక్కా, నువ్వు ఊరికే కూసో. అమల రాగం తీస్తాది. మైకు సరిపోయిందా లేదా సూసుకుందాం," అన్నాడు పాల్.

అమల రాగం తీసింది. నేల చూపులు చూస్తూ, అడిగినంత మాత్రమే, చెంచాతో కొలిచి పోసినట్టు. సగంలో ఎస్తేరుకు దగ్గు ఆగలేదు. ఆ దగ్గుకు అమల ఉలిక్కిపడింది, ఉలికిపాటుకు గొంతు పైకి ఎగిరింది, ఎగిరి ఎవరూ కట్టని ఒక చోట వాలింది. అక్కడ కాసేపు, పిట్ట కరెంటు తీగ మీద ఊగినట్టు, ఊగింది. పాల్ వేళ్లు ఆగబోయి, ఆగకుండా దాని వెంట పోయాయి. తమ్ముడి కళ్లు అమల మీద నిలబడడం ఎస్తేరు పక్కనుంచి చూసింది. ముక్కు కారుతోంది. కర్చీపు అడ్డం పెట్టుకుని చూసింది.

తర్వాత మాటలు వచ్చాయి. క్రిస్మస్‌కు గొంతు బాగైన ఎస్తేరే పాడింది, బాగా పాడింది. పాల్ ఆమెతో ఏమీ అనలేదు. ఏడాది తిరక్కుండా అమలను పెళ్లి చేసుకుని ఐరాల దగ్గర అత్తగారి పొలం చూసుకోవడానికి పోయాడు.

ఎస్తేరు కుళ్లు ఆ రోజుతో పుట్టింది. పెళ్లయినా, పిల్లలు పుట్టినా, మొగుడు పోయినా అది ఆమెతోపాటే పెరిగింది. అమల చెట్టు మామిడికాయ తియ్యగా ఉందంటే ఎస్తేరుకు పళ్లు పులిసేవి. అమల టమాటాకు ధర పలికిందంటే ఆ రోజు ఆమె కూరలో ఉప్పెక్కువయ్యేది. చివరికి పాల్ కామెర్లతో పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ ముందు అమలను వాటేసుకున్నారు. తోడబుట్టినది తాను. చావులో కూడా ముందు వరస దానికే.

అదే ఏడాది ఎస్తేరు లాడ్జిలో పనికి చేరింది. ఆగస్టులో ఒక ఆదివారం, చర్చి నుంచి నేరుగా వచ్చి గలీబులు నానబెడుతుంటే మెట్ల మీదుగా తమ్ముడి బొటనవేలి చప్పుడు దిగి వచ్చింది.

ఆమె చేతిలోని గలీబు తొట్టిలోకి వదిలేసింది. పాల్ పోయి నాలుగు నెలలు కాలేదు.

పైకి పోయి తొంగి చూసింది. నెరిసిన జుట్లు, బట్టతలలు, పొట్టలు. అందరూ నేల మీద చాపల్లో కూర్చుని, మధ్యలో పాత టేప్ రికార్డరు పెట్టుకుని, చుట్టం వచ్చినట్టు దానివైపు వంగి ఉన్నారు. గొడుగు ఆల్బం అభిమానులు. ఏటా ఒకసారి కలుస్తారు. ఆ అభిమానుల్లో ఒకరైన త్రివిక్రమ్ బావమరిదిదే ఈ లాడ్జి కాబట్టి హాలుకు అద్దె లేదు. త్రివిక్రమ్ దేవస్థానం ఆఫీసులో పెద్ద గుమాస్తా, నిలువు నామం, ఇస్త్రీ చొక్కా. పాట పాటకీ లేచి నాలుగు మాటలు చెప్పేది ఆయనే. చివరి రాగం వచ్చేముందు మరీ తన్మయంగా చెబుతాడు.

"ఆమె ఆ బృందంలో ఎవరి భార్యో అయుంటుంది. సముద్రపు ఒడ్డున ఇల్లు. మంచు. కిటికీ దగ్గర నిలబడి పాడుతోంది. సన్నగా, తెల్లగా... మధ్యలో ఎవరో దగ్గుతారు, చూడండి. ఆ దగ్గును తీసెయ్యకుండా ఉంచడమే వాళ్ల గొప్పతనం!"

గుమ్మం దగ్గర ఎస్తేరుకు నవ్వు రాలేదు. అమల ఇంగ్లండు దొరసాని కూడా అయిపోయింది. మంచు, కిటికీ. తనేమో 'ఎవరో'.

చెప్పొచ్చు. ఒక్క మాట చెబితే చాలు. కానీ చెబితే ఏమవుతుంది? ఇన్నేళ్ల ప్రేమ, ఇంతమంది ప్రేమ, మూట కట్టి అమల ఒళ్లో పోసినట్టు అవుతుంది. ఎస్తేరు నోరు మూసుకుంది. పైగా లోపల ఇంకోటి కూడా ఉంది. తమ్ముడి వేళ్లు లోకంలో ఈ ఒక్క చోటే బతికున్నాయి. అవి తనకొక్కదానికే తెలుసు. అమలకు తెలియదు. ఆ ఒక్క సొత్తునీ ఏడాదికి ఒకసారి, మెట్ల కింద నిలబడి, ఆమె తెరిచి చూసుకునేది. తన ఫోనులో పట్టుకుందామని ఒకసారి చూసింది. బట్టలుతికే మిషను రొద తప్ప ఏమీ పడలేదు.

ఈ ఏడు త్రివిక్రమ్ కూతురు హంసిని వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం. అందరి క్యాసెట్లూ బూజు పట్టో, టేప్ రికార్డరు నమిలేసో పోగా ఆడేది వాళ్ల నాన్నది ఒక్కటే మిగిలింది. అదీ నీరసించింది. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించడానికి ఆ పిల్ల తీగలు, డబ్బా తెచ్చింది. రాగం ముగిసి, దగ్గులూ నవ్వులూ అయ్యాక మెల్లగా అంది.

"నాన్నా, బాధపడొద్దు. ఈ చివరిది అసలు ఆల్బంలో లేదు. అన్ని ప్రింట్లూ వెతికాను. ఎక్కడా లేదు. ఎవరో తర్వాత అతికించారు."

ఎస్తేరు టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలో ఉంది.

"అతికించడమేంటమ్మా?" అన్నాడు త్రివిక్రమ్. ఆయన నామం ముడతపడింది.

"మన ఊళ్లోనే అయుంటుంది నాన్నా. గిటారు కూడా వేరే. చవకది."

చవకది అన్న మాటకు ఎస్తేరు పళ్లెంలో గ్లాసులు గలగలమన్నాయి.

ఇన్నేళ్లు త్రివిక్రమ్ మంచునూ కిటికీనీ కట్టి ఇచ్చింది ఎవరో తెలియని మనిషికి. అభిమానం దెబ్బతిన్నవాడికి కోపం ఎక్కడినుంచి వస్తుందో అక్కడినుంచే వచ్చింది ఆయనకూ. "అయితే అది కల్తీ. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు వదిలెయ్. వచ్చే ఏడు నుంచి ఆల్బం ఆల్బంలాగే విందాం."

"ఏంది సార్, వదిలేసేది?" ఆటో నడిపే మునిచంద్ర చాప మీదనుంచి సగం లేచాడు. "ముప్పై ఏండ్లు నా ఆటోలో కూసోని పాడిన ఆడమనిషిని ఇప్పుడు నడిరోడ్డులో దిగిపోమనేదా?"

"ఆమె ఎవరో తెలుసా నీకు?"

"సవారీ ఎక్కినోళ్ల పేర్లు నేనడగను సార్. సక్కంగా పాడతా ఉండాదా లేదా?"

"అభిమానం అంటే నిక్కచ్చిగా ఉండాలి మునిచంద్రా. వాళ్లు పాడనిది వాళ్లదని వినడం వాళ్లకు అవమానం."

"వాళ్లేమన్నా వచ్చి అడిగినారా అప్పా?"

నవ్వులు లేచాయి గాని చేతులు ఎత్తమంటే ఎక్కువమంది త్రివిక్రమ్ వైపే ఎత్తారు. సిగ్గుపడినవాళ్లు ఎత్తారు. దొరసాని పోయాక గొంతు మీద మనసు విరిగినవాళ్లు ఎత్తారు. రాగాన్ని వదిలెయ్యడం ఖాయమైంది.

ఎస్తేరు పళ్లెం దింపి కిందికి వచ్చేసింది.

మొదట ఆమెకు కలిగింది సంతోషమే. చల్లటి, సన్నటి సంతోషం. పోతే పోనీ. దొరసానితనం ఊడిపోయింది, ఇప్పుడు గొంతూ ఊడిపోతుంది. అమలకు దక్కదు. అమలకు దక్కిందని కూడా తెలియకుండానే పోతుంది. ఆమె గలీబు ఒకటి తీసి చందనం మరక మీద సబ్బు రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ తన బొటనవేలు బండను కొడుతున్నట్టు గమనించింది. టప్, టప్. పాల్ కొట్టినట్టు. అమలను ముంచాలంటే అదే నీళ్లలో తమ్ముడినీ ముంచాలి. వేరు చేసి ముంచే తొట్టి లేదు.

ఆ పాడుదాని గొంతుకు వాడెందుకు అతుక్కున్నాడో, అనుకుంది. ముప్పై ఏళ్లనాటి కోపం అది. చేతులు తుడుచుకుని మెట్లెక్కింది.

"సార్, ఆ దగ్గు నాది," అంది గుమ్మంలోంచి.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ అంది. "ఆ టేపులో దగ్గినది నేను. చిత్తూర్లో, గుణశేఖర్ అంగట్లో. గిటారు మా తమ్ముడు పాల్. చవకదే, వేలూర్లో కొన్నాడు."

త్రివిక్రమ్ ఆమెను, దుప్పట్లామెను, మొదటిసారి చూసినట్టు చూశాడు. మునిచంద్ర ఆశగా ముందుకు వచ్చాడు. "అక్కా, ఏదీ, ఒకసారి దగ్గు?"

ఎస్తేరు దగ్గింది. హాలంతా చెవులు రిక్కించి వింది. మునిచంద్ర తల అడ్డంగా ఊపాడు.

"యాడక్కా? ఇది వేరే మాదిరి ఉండాది. అది ఇట్ల ఉంటాది," అని తాను దగ్గి చూపించాడు. అచ్చం అదే. ఆ రోజు జలుబు, ముసురు, కర్చీపు, అన్నీ ఉన్నాయి అందులో. తన దగ్గు కూడా తనకంటే వీళ్లకే బాగా వచ్చు. ఎస్తేరుకు ఏడుపు వచ్చినంత పనయింది.

"పాడినామె ఎవరు మరి?" అడిగింది హంసిని.

ఎస్తేరు ఆ పేరును చేపముల్లు బయటికి తీసినట్టు తీసింది. "అమల. మా మరదలు. ఐరాల కాడ ఉంటాది."

"ఫోన్ చెయ్యండి ఆంటీ. ఆమె చెబితే నాన్న నమ్ముతారు."

ఎస్తేరు ఫోను స్పీకరులో పెట్టింది. అవతల మోటారు నీళ్ల చప్పుడు, కుక్క అరుపు. "ఏంది వొదినా, ఈ పొద్దప్పుడు? టమాటా కోతలో ఉండాము."

"ఏమే, గుణశేఖర్ అంగట్లో రాగం తీసినావే, మైకు కోసరం. అది ఒకసారి తియ్యి."

ఎస్తేరు ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"తియ్యి మే. ఈడ అడగతా ఉండారు."

"నేను తియ్యను వొదినా." అమల గొంతు గట్టిపడింది. "ఆ రాగం మాట నా తావ ఎత్తొద్దు. పెండ్లయిన నాటినుంచి నీ తమ్ముడి నోట ఒకటే మాట. నాది బాగలేదని కాదంట. కానీ క్రిస్మస్‌కి అక్క పాడినట్టు యెవురూ పాడలేరంట. నేను వంట చేస్తా కూనిరాగం తీసినా అదే మాట. ఆస్పత్రి మంచంలో కూడా, 'అక్క పాడింది గుర్తుండాదా అమలా' అనె. నీకేమమ్మా. గొంతెత్తినావు, పోయినావు. దాన్ని మోసింది నేను."

ఎస్తేరు ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. జాలితో కాదు. ఇన్నేళ్లు తాను అమల వైపు విసిరిన కుళ్లుకు సమానమైన కుళ్లు అవతలినుంచి తనవైపు వస్తూనే ఉందని తెలిసి, ఆమె ఒళ్లు ఎండలో వేసిన దుప్పటిలా వెచ్చబడింది. ఆ మాట మళ్లీ చెప్పమని అడగాలనిపించింది.

త్రివిక్రమే తేరుకున్నాడు. పోయి టేపు వెనక్కి తిప్పి మీట నొక్కాడు. హంసిని ఎస్తేరు చేతిలోంచి ఫోను తీసుకుని స్పీకరు దగ్గర పెట్టింది.

రాగం మొదలైంది. మామూలుగా దగ్గే చోటు వచ్చింది. ఈసారి ఎవరూ దగ్గలేదు. టేపులోని ఆ ఒక్క దగ్గు మాత్రం వినిపించింది. గొంతు ఎగిరి తీగ మీద వాలింది. అంతా అయ్యేదాకా అవతల నీళ్లు పారుతూనే ఉన్నాయి.

"ఆ కట్టె మీద కొట్టేది..." అంది అమల. ఆగింది. "ఆయనే కదా?"

త్రివిక్రమ్ టేపు ఆపాడు.

"మళ్లా పెట్టమను వొదినా."

మళ్లీ పెట్టారు. ఆ తర్వాత మునిచంద్ర ఫోను లాక్కుని, "అమ్మా, ముప్పై ఏండ్లు నా ఆటోలో నువ్వే తల్లీ," అన్నాడు. అతని దగ్గర్నుంచి ఇంకొకరు తీసుకున్నారు. త్రివిక్రమ్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని ముప్పై ఏళ్ల ఉపన్యాసాలూ మరిచిపోయి, "నమస్కారమమ్మా," అని మాత్రం అన్నాడు. రాగం ఉంచుదామా అని అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు. హంసిని తీగలు తగిలిస్తోంది. వచ్చే ఏడు అమలను పిలవాలన్నారు, ఐరాలకు మునిచంద్ర ఆటోనే పోవాలన్నారు. ఎస్తేరు ఫోను చేతి నుంచి చేతికి, తలల మీదుగా, హాలు అటు చివరికి పోయింది. ఇటు చివర ఎస్తేరు, చల్లబడిన టీ గ్లాసుల మధ్య, తన ఫోను తనకు ఎప్పుడిస్తారా అని నిలబడింది. ముందు వరస మళ్లీ దానికే.

ఆ కలయిక కబురు విని, ఇదంతా రాసుకోవడానికి ఒక మనిషి తర్వాతి వారం లాడ్జికి పోతే, ఎస్తేరు మేడ మీద దుప్పట్లు ఆరేస్తూ అడిగినవన్నీ చెప్పింది. దాచలేదు. క్లిప్పుల బుట్ట చంకన పెట్టుకుని దిగబోతూ, మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అంతా రాసుకో నాయనా. పాడింది అదేనని కూడా రాయి, నేనేమీ వద్దనను. దాని పేరు ఎంత పెద్దగా రాసినా సరే. కానీ నా పేరు ముందర రాయి. సదివేటోళ్లు దానికాడికి పోవాలంటే నన్ను దాటుకొనే పోవల్ల."